ఒక రాడ్డును తెగేదాకా లాగి చూడటం: టెన్సైల్ టెస్ట్ చేసే పద్ధతి, రిపోర్టు చదివే పద్ధతి

స్టీలు కొట్టులో ఇల్లు కట్టేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "టన్ను ఎంత?" రెండోది రాడ్డు గ్రేడు గురించి: "ఐదొందలు మంచిదా, ఐదొందల యాభై మంచిదా?" దానికి వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "550 తీసుకోండి సార్, బలం ఎక్కువ." అందులో అబద్ధం లేదు, కాకపోతే సగం సంగతే ఉంది. రాడ్డు ఏ స్ట్రెస్ దగ్గర లొంగుతుందో ఆ అంకె చెబుతుంది. లొంగాక ఏం చేస్తుందో చెప్పదు. భూమి కంపించినప్పుడో, స్లాబు మీద లెక్కకు మించి బరువు పడ్డప్పుడో ఇంట్లోవాళ్ళు బయటికి పరుగెత్తే వ్యవధి దొరుకుతుందా లేదా అన్నది ఆ రెండో సంగతి మీదే ఉంది.

అందుకని ఇక్కడ ఒకే ఒక్క రాడ్డును తీసుకుని, ముక్క కోయడం దగ్గర్నుంచి రిపోర్టు మీద నిర్ణయం దాకా వెళ్దాం. మన రాడ్డు 16 ఎంఎం, గ్రేడు ఎఫ్‌ఈ 500డీ (500 అంటే లొంగే స్ట్రెస్, డీ అంటే ఎక్కువ సాగే రకం). పరీక్ష అంకెలు ఉదాహరణ కోసం నేను వేసినవే గానీ, మంచి టీఎంటీ (వేడి రాడ్డును నీళ్ళతో చల్లార్చి గట్టిపరిచిన) రాడ్డుకు వచ్చే మోతాదులోనే ఉంటాయి. డిప్లొమా, బీటెక్‌లో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబు ఉన్నవాళ్ళకు ఇది రికార్డు రాసుకోవడానికి పనికొస్తుంది. సైటు చూసుకునేవాళ్ళకు ల్యాబు పంపిన కాగితంలో ఏ గడి ముందు చూడాలో తెలుస్తుంది.

ముందు రెండు కొలతలు

లాగే బలాన్ని రాడ్డు అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది ప్రతిబలం, సైటు భాషలో స్ట్రెస్. న్యూటన్లను చదరపు మిల్లీమీటర్లతో భాగిస్తే అది మెగాపాస్కల్, అందరూ ఎంపీఏ అంటారు. ఎంత సాగిందో దాన్ని మొదటి పొడవుతో భాగిస్తే వికృతి, అంటే స్ట్రెయిన్. దానికి యూనిట్ లేదు. ఇలా భాగించాక రాడ్డు సైజు లెక్కలోంచి పోతుంది కాబట్టి 8 ఎంఎం రాడ్డునూ 32 ఎంఎం రాడ్డునూ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

లొంగకముందు స్టీలులో ఈ రెండూ కలిసి నడుస్తాయి. స్ట్రెస్ రెట్టింపు అయితే స్ట్రెయిన్ కూడా రెట్టింపు. బరువు తీసేస్తే రాడ్డు మళ్ళీ మొదటి పొడవుకు వచ్చేస్తుంది. స్ట్రెస్‌ను స్ట్రెయిన్‌తో భాగిస్తే వచ్చే యంగ్ గుణకం స్టీలుకు సుమారు 2 లక్షల ఎంపీఏ. కొట్టులో ఎవరూ చెప్పని సంగతి ఇక్కడుంది: 415కైనా, 500కైనా, 600కైనా ఈ గుణకం ఒకటే. గ్రేడు పెరిగితే రాడ్డు బిరుసుదనం పెరగదు. పైగా గ్రేడు పెంచామని రాడ్ల సంఖ్య తగ్గిస్తే, ఉన్న ఒక్కో రాడ్డు మీద స్ట్రెస్ పెరిగి అది ఇంకా ఎక్కువ సాగుతుంది. కాంక్రీటు కట్టడాల కోడు ఐఎస్ 456లో డిఫ్లెక్షన్ (కిందికి వంగడం) లెక్క కోసం వాడకపు లోడు కింద స్టీలు స్ట్రెస్‌ను గ్రేడులో 0.58 వంతుగా తీసుకుంటారు. ఎఫ్‌ఈ 415కు అది 241 ఎంపీఏ, ఎఫ్‌ఈ 550కు 319. స్ట్రెయిన్లు 0.0012, 0.0016. అంటే మూడో వంతు ఎక్కువ. స్లాబు కిందికి వంగడం, బీము అడుగున సన్నటి పగుళ్ళు వెడల్పు కావడం ఇక్కడి నుంచే వస్తాయి. "ఎక్కువ గ్రేడు వేశాం కదా, స్లాబు ఎందుకు ఊగుతోంది?" అని అడిగేవాళ్ళకు జవాబు ఇదే.

మొదటి మెట్టు: ముక్క తీయడం

ప్రతి సైజుకూ, ప్రతి హీటుకూ విడివిడిగా ముక్కలు తీయాలి. హీట్ నంబరు అంటే ఒక్క పోతలో కరిగించిన ఉక్కుకు మిల్లు వేసే నంబరు. అది కట్టకు వేలాడే ట్యాగు మీద ఉంటుంది, మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ మీదా ఉంటుంది. రెండూ కలవకపోతే ఆ సర్టిఫికెట్ మీ దగ్గరున్న స్టీలుది కాదు. అందులో అంకెలు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

మీటరు చొప్పున మూడు ముక్కలు చాలు: ఒకటి లాగడానికి, మిగతావి వంచడానికి. గ్యాస్ కటింగ్ చేయొద్దు, ఆ వేడికి స్టీలు గుణం మారుతుంది. వంకరగా ఉన్న ముక్కను సుత్తితో కొట్టి సాపు చేసినా తప్పే. చల్లగా ఉండగా కొట్టిన దెబ్బలకు ఈల్డ్ (లొంగే స్ట్రెస్) మారిపోతుంది. మొదటినుంచీ తిన్నగా ఉన్న ముక్కనే ఎంచుకోండి.

కాలేజీ ల్యాబుల్లో మైల్డ్ స్టీల్ ముక్కను లేతు మీద మధ్యలో సన్నగా తిప్పి పరీక్షించే అలవాటు ఉంది. టీఎంటీకి ఆ పని అస్సలు చేయకూడదు. ఎందుకో తెలియాలంటే ఆ రాడ్డు ఎలా తయారవుతుందో చూడాలి. రోలింగ్ మిల్లు చివరి స్టాండు నుంచి ఎర్రగా వచ్చే రాడ్డును ఒత్తిడితో కొట్టే నీళ్ళ గొట్టాల గుండా పంపుతారు. పైపొర ఒక్కసారిగా చల్లారి మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంలోకి వెళ్తుంది. లోపలి భాగం ఇంకా ఎర్రగానే ఉంటుంది. నీళ్ళలోంచి బయటికి వచ్చాక లోపలి వేడి మెల్లగా బయటికి పాకి, పెళుసుగా ఉన్న ఆ పైపొరను మగ్గబెడుతుంది. చివరికి బయట గట్టి ఉంగరం, లోపల సాగే మెత్తటి గుండె. 1970లలో బెల్జియంలోని లియేజ్‌లో టెంప్‌కోర్ పేరుతో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. అడ్డంగా కోసి, నునుపు చేసి, నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాలు పూస్తే ఆ ఉంగరం చుట్టూ నల్లగా తేలి కళ్ళకు కనిపిస్తుంది. లేతు మీద తిప్పితే ముందుగా పోయేది ఆ ఉంగరమే. మిగిలిన గుండెను లాగి "ఈ స్టీలు ఫెయిల్" అంటే ఆ తీర్పుకు విలువ లేదు. టీఎంటీని ఎప్పుడూ కణుపులతో సహా పూర్తి రాడ్డుగానే లాగాలి.

రెండో మెట్టు: తూకం

కణుపులున్న రాడ్డు వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి వైశాల్యం కట్టలేం. కణుపు మీద ఒక కొలత, లోయలో ఇంకో కొలత వస్తుంది. అందుకే బరువు నుంచి వెనక్కి వస్తాం. అర మీటరుకు తక్కువ కాని ముక్క తీసుకుని, పొడవును మిల్లీమీటరు దాకా కొలిచి, తూచండి.

లాగడానికి కోసుకున్న మన ముక్క పొడవు 600 మి.మీ., బరువు 0.932 కిలోలు. మీటరుకు 1.553 కిలోలు. దీన్ని 0.00785తో (చదరపు మి.మీ. అడ్డుకోత ఉన్న మీటరు స్టీలు బరువు, కిలోల్లో) భాగిస్తే 197.9 చదరపు మిల్లీమీటర్లు. పుస్తకంలో 16 ఎంఎంకు ఉండే 201 కాదు, లెక్కల్లో ఈ 197.9నే వాడాలి. తక్కువ బరువున్న రాడ్డుకు పుస్తకం వైశాల్యం వేస్తే స్ట్రెస్ తప్పుగా వస్తుంది.

ఈ తూకంతోనే ఇంకో తీర్పు కూడా అయిపోతుంది. సైటులో అందరికీ నోటికి వచ్చిన సూత్రం: వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగించు. 256ను 162తో భాగిస్తే మీటరుకు 1.58 కిలోలు. మనది దానికంటే 1.7 శాతం తక్కువ. కాంక్రీటులో వేసే రాడ్ల ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం లాటు మొత్తం మీద 10 ఎంఎం వరకు 7 శాతం, ఆపైన 16 వరకు 5 శాతం, 16 దాటితే 3 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు. కాబట్టి మనది పాస్. తూకానికి కొని సంఖ్య లెక్కన వాడుకునేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రాడ్డు తేలిగ్గా ఉంటే టన్నుకు ఎక్కువ పొడవు వస్తుంది, కొన్నవాడికి లాభంలా కనిపిస్తుంది. డిజైనరు లెక్క పెట్టిన స్టీలు మాత్రం కాలమ్‌లో తగ్గిపోతుంది.

మూడో మెట్టు: గుర్తులు

ఎలాంగేషన్ (తెగేలోపు ఎంత శాతం సాగిందో) కొలవడానికి ముందే రాడ్డు మీద గేజ్ లెంగ్త్, అంటే సాగుడు కొలిచే పొడవు, గుర్తు పెట్టాలి. వైశాల్యం వర్గమూలాన్ని 5.65తో గుణిస్తే ఆ పొడవు వస్తుంది. మనకు 79.5, అంటే 80 మి.మీ. గుండ్రటి రాడ్డుకు ఇది వ్యాసానికి ఐదు రెట్లే.

రెండే గుర్తులు పెట్టి ఊరుకోకండి. రాడ్డు ఎక్కడ తెగుతుందో ముందు తెలియదు. మెషీన్‌లో రాడ్డును పట్టుకునే రెండు జాల (దవడల) మధ్య ఉండే పొడవంతా 10 మి.మీ.కు ఒకటి చొప్పున సెంటర్ పంచ్‌తో తేలికగా చుక్కలు పెట్టండి. తెగాక, తెగిన చోటు మధ్యలో వచ్చేలా ఎనిమిది గళ్ళు ఎంచుకుని కొలుచుకోవచ్చు. చుక్క లోతుగా పడితే అక్కడే పగులు మొదలవుతుంది, అందుకని పంచ్ మీద సుత్తి తగిలీ తగలనట్టు పడితే చాలు.

నాలుగో మెట్టు: మెషీన్‌లో బిగించడం

మన రాడ్డు తెగేది 130 కిలోన్యూటన్ల లోపే. 1000 కిలోన్యూటన్ల యూటీఎం (లాగి పరీక్షించే యంత్రం)లో కూడా లాగవచ్చు గానీ, పాత డయల్ మెషీన్ అయితే దానికి తగిన చిన్న రేంజి పెట్టుకోండి. మెషీన్ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ తేదీ చూసుకోండి. రిపోర్టు ఎంత నీటుగా టైపు చేసినా, సూది తప్పు చూపిస్తే అంకెలన్నీ తప్పే.

రాడ్డు జాల మధ్యలో నిట్టనిలువుగా ఉండాలి. ఒక పక్కకు ఒరిగితే లాగడంతో పాటు వంచడం కూడా జరిగి, ఈల్డ్ తక్కువగా కనిపిస్తుంది. జా పళ్ళు కనీసం మూడొంతుల పొడవు రాడ్డును పట్టుకోవాలి. మెషీన్ చుట్టూ ఉండే జాలీ తలుపు మూశాకే పంపు ఆన్ చేయండి. తెగేటప్పుడు పెచ్చులు కంటి ఎత్తున ఎగురుతాయి.

ఇక స్పీడు. రాడ్డు లొంగకముందు స్ట్రెస్ సెకనుకు 6 నుంచి 60 ఎంపీఏ మధ్య పెరగాలని టెన్సైల్ టెస్ట్ ప్రమాణం ఐఎస్ 1608 అంటుంది. మన వైశాల్యానికి అది సెకనుకు 1.2 నుంచి 11.9 కిలోన్యూటన్లు. సెకనుకు నాలుగు దగ్గర పెడితే అర నిమిషం లోపు ఈల్డ్ వస్తుంది. బయట ఇంకా పాతిక ముక్కలు వరసలో ఉన్నాయని వాల్వు బార్లా తెరిచే ఆపరేటర్లు ఉంటారు. త్వరగా లాగితే స్టీలు ఉన్నదానికంటే ఎక్కువ ఈల్డ్ చూపిస్తుంది. ఎక్కువే కదా వచ్చింది అని ఎవరూ పట్టించుకోరు. అంచున ఉన్న స్టీలు గట్టెక్కేది ఇలాగే.

ఐదో మెట్టు: లాగుతూ చూడటం

ఈ భాగం చూడకుండా రిపోర్టు మాత్రమే చదివేవాళ్ళకు అంకెలు అంకెలుగానే మిగిలిపోతాయి. వీలైతే మీ ముక్కను లాగేటప్పుడు ల్యాబుకు వెళ్ళి నిలబడండి.

మొదట్లో ఏమీ జరగదు. లోడు గబగబా పెరుగుతుంది, రాడ్డు అలాగే ఉంటుంది. నిజానికి సాగుతోంది, మన కంటికి అందదు. లొంగే క్షణం దాకా 80 మి.మీ. గేజ్‌లో వచ్చే సాగుడు మొత్తం 0.22 మిల్లీమీటర్లు మాత్రమే. దీన్ని పట్టుకోవడానికే ఎక్స్‌టెన్సోమీటర్ బిగిస్తాం.

106 కిలోన్యూటన్లు దాటాక పెరుగుతున్న లోడు ఒక్కసారి తడబడుతుంది. డయల్ మెషీన్‌లో సూది నిలబడి, కాస్త వెనక్కి వచ్చి, మళ్ళీ ఊగుతుంది. సరిగ్గా అప్పుడే రాడ్డు వైపు చూడండి. మిల్లులో వేడికి పట్టిన నీలి నలుపు పెచ్చు చిటపటమని రాలడం మొదలవుతుంది. అది పెళుసు, కింద స్టీలు సాగుతుంటే దాంతో పాటు సాగలేదు. తెల్ల కాగితం పరిచి ఉంచితే దాని మీద నల్లటి పొడి పడుతుంది. ఈల్డ్ అంటే ఇదే. ఇక్కణ్ణుంచి లోడు తీసేసినా రాడ్డు పాత పొడవుకు రాదు. లోపల స్ఫటికాల పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోయాయి.

అన్ని స్టీళ్ళూ ఇంత స్పష్టంగా లొంగవు. టీఎంటీ రాకముందు మన ఇళ్ళలో వాడిన టోర్ స్టీలును చల్లగా ఉండగానే మెలితిప్పి గట్టిపరిచేవాళ్ళు. దాని గీతలో ఈ తడబాటు ఉండదు, మెల్లగా వంపు తిరిగిపోతుంది. అలాంటప్పుడు ప్రూఫ్ స్ట్రెస్ తీస్తాం. గ్రాఫు అడుగున 0.002 స్ట్రెయిన్ దగ్గర చుక్క పెట్టి, మొదటి తిన్నని గీతకు సమాంతరంగా ఇంకో గీత గీయండి. అది వంపును ఎక్కడ కోస్తుందో అదే 0.2 శాతం ప్రూఫ్ స్ట్రెస్. రిపోర్టుల్లో "ఈల్డ్ లేదా ప్రూఫ్ స్ట్రెస్" అని కలిపి రాసేది అందుకే.

ఈల్డ్ తర్వాత లోడు మళ్ళీ పెరుగుతుంది. జారిన పొరలు ఒకదానికొకటి అడ్డం పడి, ఇంకా జరగాలంటే ఇంకా బలం కావాలంటాయి. దీన్నే స్ట్రెయిన్ హార్డెనింగ్ అంటారు. ఈ దశలో రాడ్డు పొడవునా సమానంగా సాగుతుంది, సన్నబడటం కూడా అంతటా ఒకేలా ఉంటుంది. లోడు 127.5 దగ్గర శిఖరానికి చేరి ఆగుతుంది.

ఆ తర్వాత జరిగేదంతా ఒక్క చోటే. ఎక్కడో ఒక దగ్గర రాడ్డు మిగతా చోట్ల కంటే రవ్వంత ఎక్కువ సన్నబడుతుంది, అక్కడ స్ట్రెస్ పెరుగుతుంది, దాంతో ఇంకా సన్నబడుతుంది. మెడలా నొక్కుకుపోయిన ఆ చోటును నెక్ అంటారు. లోడు పడిపోతూ ఉంటుంది. చూసేవాళ్ళకు స్టీలు నీరసించినట్టు అనిపిస్తుంది గానీ, లెక్క వేస్తే తిరగబడుతుంది. లోడు 95 కిలోన్యూటన్లకు దిగినప్పుడు మెడ దగ్గర వ్యాసం 11 మి.మీ. ఉంటే, అక్కడి వైశాల్యం 95 చదరపు మిల్లీమీటర్లు, అసలు స్ట్రెస్ 1000 ఎంపీఏ. మనం రిపోర్టులో రాసేది ఎప్పుడూ మొదటి వైశాల్యంతో భాగించిన స్ట్రెస్, అందుకే గీత కిందికి వంగుతుంది.

చివరికి ఢామ్మని తెగుతుంది. తెగిన కొసలను చేత్తో తాకండి, జాగ్రత్తగా: వేడిగా ఉంటాయి. స్టీలును సాగదీయడానికి పెట్టిన శ్రమలో ఎక్కువ భాగం వేడిగా మారింది. తెగిన ముఖం మధ్యలో గరుకుగా, బూడిద రంగులో, అంచు చుట్టూ ఏటవాలుగా ఉంటే అది బాగా సాగి తెగిన గుర్తు. అదే పోత ఇనుమును లాగితే ఈ కథలో మొదటి పేరా తప్ప ఏదీ జరగదు. పెచ్చు రాలదు, మెడ పడదు, సుద్దముక్కలా టప్పున విరిగి, అడ్డంగా చదునైన మెరిసే ముఖం చూపిస్తుంది.

ఆరో మెట్టు: లెక్క

ఈల్డ్ లోడు 106.5 కిలోన్యూటన్లను 197.9తో భాగిస్తే 538 ఎంపీఏ. గరిష్ఠ లోడు 127.5 అయితే 644 ఎంపీఏ, అదే అల్టిమేట్ టెన్సైల్ స్ట్రెంగ్త్. రెండింటి నిష్పత్తి 1.197.

ఎలాంగేషన్ కోసం తెగిన రెండు ముక్కలను గట్టిగా ఒకదానికొకటి ఆనించి, ఎంచుకున్న గుర్తుల మధ్య వెర్నియర్‌తో కొలవండి. 80 మి.మీ. ఇప్పుడు 95.2 అయింది. 15.2ను 80తో భాగిస్తే 19 శాతం. తెగింది జా లోపలో, దాని అంచునో అయితే ఈ అంకెను నమ్మకుండా ఇంకో ముక్క లాగండి.

ఎలాంగేషన్ పక్కన గేజ్ లెంగ్త్ రాయని రిపోర్టును ఒప్పుకోవద్దు. కారణం చూడండి. మన రాడ్డులో అంతటా సమానంగా వచ్చిన సాగుడు 10 శాతం, అంటే 80లో 8 మి.మీ. మిగిలిన 7.2 మి.మీ. ఒక్క మెడ దగ్గరే వచ్చింది. ఇదే రాడ్డును 200 మి.మీ. గేజ్ మీద కొలిచి ఉంటే 20కి 7.2 కలిపి 27.2, అంటే 13.6 శాతమే వచ్చేది. స్టీలు మారలేదు, మెడ మారలేదు, శాతం మారిపోయింది. డీ గ్రేడులకు ఐఎస్ 1786 ఇంకో గడి పెట్టడానికి మూలం ఇదే: గరిష్ఠ లోడు దగ్గర మొత్తం సాగుడు కనీసం 5 శాతం ఉండాలి. మెడ పడక ముందు రాడ్డు పొడవునా ఎంత సాగిందో అది చెబుతుంది.

ఏడో మెట్టు: ఒప్పుకోవాలా, వద్దా

ఐఎస్ 1786 అడిగే కనీసాలు ఇవి. ఎఫ్‌ఈ 415కు ఎలాంగేషన్ 14.5 శాతం, అల్టిమేట్ 485 ఎంపీఏ. ఎఫ్‌ఈ 500కు 12 శాతం, 545. ఎఫ్‌ఈ 500డీకి 16 శాతం, 565. ఎఫ్‌ఈ 550కు 10 శాతం, 585. ఎఫ్‌ఈ 550డీకి 14.5 శాతం, 600. వరసగా చదివితే బేరం ఎక్కడ జరిగిందో అర్థమవుతుంది: బలం 500 నుంచి 550కి ఎక్కుతుంటే సాగుడు 12 నుంచి 10కి దిగుతోంది. డీ అక్షరం ఆ నష్టాన్ని పూడుస్తుంది. డీ గ్రేడులో కార్బన్, గంధకం, భాస్వరం పరిమితులు కూడా బిగుతు. ఎఫ్‌ఈ 500లో కార్బన్ 0.30 శాతం దాకా రానిస్తే 500డీలో 0.25 దగ్గరే ఆపుతారు. నన్నడిగితే మామూలు ఇంటికి 500డీ చాలు. ఉత్త 550 కంటే అదే నయం.

మన రాడ్డు 538, 644, 19 శాతంతో హాయిగా పాస్. కానీ భూకంపాన్ని దృష్టిలో పెట్టుకుని డిజైన్ చేసిన భవనమైతే ఇంకో కోడు కూడా చూడాలి: ఐఎస్ 13920. 2016 నాటి కూర్పులో అది మూడు షరతులు పెట్టింది. ఎఫ్‌ఈ 500, 550 రాడ్లకు ఎలాంగేషన్ 14.5 శాతానికి మించాలి. అల్టిమేట్‌ను ఈల్డ్‌తో భాగిస్తే కనీసం 1.15 రావాలి. మూడోది వినగానే చాలామంది నమ్మరు: పరీక్షలో వచ్చిన ఈల్డ్ గ్రేడుకంటే 20 శాతం మించకూడదు. 500 అని కొన్న రాడ్డు 620 చూపిస్తే కొట్టువాడు గొప్పగా చెబుతాడు, కోడు వద్దంటుంది.

బలం ఎక్కువైతే తప్పేమిటి? బీమును డిజైన్ చేసేవాళ్ళు అది ఎక్కడ, ఏ వరసలో లొంగాలో ముందే నిర్ణయిస్తారు. అడుగున స్టీలు ముందు ఈల్డ్ కావాలి. ఐఎస్ 456 ప్రకారం విఫలమయ్యే వేళకు ఎఫ్‌ఈ 500 స్టీలులో స్ట్రెయిన్ కనీసం 0.0042 దాకా చేరేలా బీమును తీర్చిదిద్దాలి, కాంక్రీటు నలిగేది 0.0035 దగ్గర. అప్పుడు పగుళ్ళు వెడల్పవుతాయి, బీము కళ్ళకు కనిపించేలా కిందికి వంగుతుంది, జనం బయటికి వస్తారు. స్టీలు లొంగాల్సిన చోట లొంగకపోతే లోడు ఇంకా పెరుగుతూ పోయి, 500 లెక్కతో కట్టిన షియర్ రింగులు (బీము ఏటవాలుగా తెగిపోకుండా రాడ్ల చుట్టూ కట్టేవి) ముందు చేతులెత్తేస్తాయి. షియర్ పగులు హెచ్చరిక లేకుండా వస్తుంది. నిష్పత్తి 1.15 ఉండాలనడం కూడా ఇందుకే. ఈల్డ్ తర్వాత స్టీలు గట్టిపడితేనే లొంగుబాటు ఒక్క పగులు దగ్గర ఆగక పక్కకు పాకుతుంది, చాలా పొడవున రాడ్డు సాగి భూకంప శక్తిని తాగేస్తుంది. నిష్పత్తి 1.05 ఉన్న రాడ్డు మొదట పగిలిన చోటే సాగి అక్కడే తెగుతుంది.

2001 జనవరి 26 భుజ్ భూకంపంలో కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్టుమెంట్లు కూలాయి. మనకు ఆ భయం లేదనుకోవడానికి వీల్లేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది.

మన రాడ్డు ఈ మూడింటిలోనూ నెగ్గింది: 19 శాతం, 1.197, ఈల్డ్ 538 అంటే 600 లోపు.

ఎనిమిదో మెట్టు: వంచడం, మళ్ళీ తెరవడం

రాడ్ బెండింగ్ మేస్త్రీ రోజూ చేసేది ఇదే కాబట్టి దీన్ని తోకలా చూడకండి. 20 ఎంఎం వరకు ఎఫ్‌ఈ 500డీ రాడ్డును దాని వ్యాసానికి మూడు రెట్లున్న మాండ్రెల్ (వంచడానికి ఆధారంగా పెట్టే గుండ్రటి కడ్డీ) చుట్టూ 180 డిగ్రీలు వంచాలి, మనకు 48 మి.మీ. ఉత్త ఎఫ్‌ఈ 500కు నాలుగు రెట్లు. వంపు బయటి ముఖం మీద అడ్డ పగులు ఉండకూడదు. మూడు రెట్ల మాండ్రెల్ మీద బయటి ముఖం సుమారు 25 శాతం సాగుతుంది, నాలుగు రెట్లయితే 20. సైటులో బల్ల మీద వేలెడు లావు పిన్ను పెట్టి, పైపు తొడిగి లాగితే ఆ శాతం ఎక్కడికి పోతుందో ఊహించుకోండి. పిన్ను సైజు మార్చడం ఖర్చులేని జాగ్రత్త.

రీబెండ్‌లో ముక్కను 135 డిగ్రీల కోణానికి వంచి, మరిగే నీళ్ళలో అరగంట ఉంచి, చల్లార్చి, 157.5 డిగ్రీల కోణం వచ్చేదాకా వెనక్కి తెరుస్తారు. వంచిన స్టీలులో నత్రజని, కార్బన్ పరమాణువులు కాలం గడిచేకొద్దీ జారుడు పొరల్లో చేరి దాన్ని పెళుసు చేస్తాయి. మామూలుగా నెలలు పట్టే ఆ పనిని మరిగే నీళ్ళు అరగంటలో చేసి చూపిస్తాయి. పైఅంతస్తు కోసం వదిలిన కాలమ్ రాడ్లను అడ్డొస్తున్నాయని పక్కకు వంచేసి, ఏడాది తర్వాత సాపు చేసే అలవాటున్న చోట ఈ పరీక్ష ఫలితం మీద కన్నేసి ఉంచాలి. సాపు చేయడానికి గ్యాస్‌తో ఎర్రగా కాల్చడం ఇంకా ఘోరం. 600 డిగ్రీలు దాటేలా కాలిస్తే టీఎంటీ ఉంగరం మెత్తబడిపోయి, ఆ చోట మీరు డబ్బు పెట్టి కొన్న గ్రేడు మిగలదు.

ఈ పరీక్షలు చెప్పనివి

మెల్లగా, ఒకే దిశలో, గది వేడిమి దగ్గర లాగితే ఏమవుతుందో మాత్రమే ఇప్పటిదాకా చూశాం. లక్షలసార్లు లోడు పడి లేచే వంతెనలో, క్రేన్ గిర్డర్‌లో స్టీలు ఈల్డ్‌కు చాలా తక్కువ స్ట్రెస్ దగ్గరే అలసి పగులుతుంది. అది ఫెటీగ్ పరీక్షలో తేలుతుంది. చలికి కొన్ని స్టీళ్ళు సాగే గుణం వదిలేసి పెళుసవుతాయి. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో రేవులో కదలకుండా ఉన్న షెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ ఢామ్మని దాదాపు రెండుగా చీలింది. అలాంటి గుణాన్ని చార్పీ ఇంపాక్ట్ పరీక్షతో పట్టుకుంటారు. తుప్పు సంగతి వీటిలో దేనిలోనూ లేదు. బాపట్ల, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో రాడ్డు మీద కప్పే కవర్ కాంక్రీటు తక్కువైతే 19 శాతం ఎలాంగేషన్ ఏమీ చేయలేదు.

ఒక ముక్క ఫెయిలైతే

లాటు మొత్తాన్ని వెంటనే తిప్పి పంపే హక్కు మీకు రాదు, అలాగని "ఇంకోటి లాగి చూద్దాం, వస్తే వచ్చినట్టే" అనడమూ కుదరదు. ఐఎస్ 1786 ప్రకారం అదే లాటు నుంచి మరో రెండు ముక్కలు తీసి, ఫెయిలైన పరీక్షను మళ్ళీ చేయాలి. రెండూ పాసైతే లాటు పాస్. రెంటిలో ఏ ఒక్కటి తప్పినా లాటు మొత్తం ఫెయిల్. ఆ రెండు ముక్కలను సప్లయర్ మనిషి ఎదురుగా, వేర్వేరు కట్టల నుంచి మీరే ఎంచి కోయించండి. ముక్కల మీద పెయింటుతో నంబర్లు వేసి, హీట్ నంబరుతో పాటు కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఫలితం తేలేదాకా ఆ హీటు కట్టలను విడిగా దుంగల మీద పేర్చి ఉంచండి, అందులోంచి ఒక్క రాడ్డు కూడా కట్టుబడిలోకి వెళ్ళకూడదు.